కెమెరా తర్వాత కొనొచ్చు, ముందు మీ చిన్నాయనతో చెరువు గట్టుకు పోండి

మీరు అడిగినవి మూడు. తిరుపతిలో ఉద్యోగం, పాకాల పక్కన సొంతూరు, పక్షులను చూడటం మొదలుపెట్టాలని ఉంది, డెబ్భై వేలు పెట్టి కెమెరా కొనాలా అన్నది ఒకటి. శేషాచలంలో ఎక్కడికి పోతే మంచి పిట్టలు కనిపిస్తాయన్నది రెండోది. చివర్లో కొంచెం మొహమాటంగా ఇంకోటి అడిగారు: "మా చిన్నాయన చలికాలంలో కౌజులకు ఉచ్చులు పెడతాడు, అది నిజంగా నేరమేనా, మరి చేను తినే పందుల సంగతేంటి?" నన్నడిగితే అసలు ప్రశ్న అదే. అక్కణ్ణుంచే మొదలుపెడతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఆయన్ను దొంగలా మాత్రం చూడొద్దు. నాకు మొదట పిట్టలు నేర్పింది చంద్రగిరి దగ్గర పల్లెలో ఉచ్చులు పన్నే ఒక పెద్దాయన. అది ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. అప్పటికి నేను బళ్ళో సైన్సు చెబుతున్నాను, పక్షుల మీద రెండు ఇంగ్లీషు పుస్తకాలు కొనేసి అంతా తెలుసనుకునే రోజులు. ఒక ఎండాకాలం పొద్దున స్వర్ణముఖి ఇసుకలో నడుస్తుంటే ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు. "ఇంకో రెండడుగులు ఏస్తే తొక్కేస్తావు సారూ" అన్నాడు. వంగి చూస్తే గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు, అచ్చం రాళ్ళ రంగే. ఎట్లా తెలిసిందంటే పైన తిరుగుతున్న తీతువును చూపించాడు. మనిషి గుడ్లకు దగ్గరయ్యే కొద్దీ దాని అరుపు ఎట్లా మారుతుందో ఆయన నోటితో చేసి వినిపించాడు. అంతసేపూ అది నా నెత్తిమీదే అరుస్తోంది. నేను మాత్రం పుస్తకంలో బొమ్మ వెతుక్కుంటున్నాను.

మన పక్కనే ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. కలివికోడి పేరు వినే ఉంటారు. 1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు దాన్ని లోకానికి తెలియజేశాడు. 1900 తర్వాత ఎనభై ఏళ్ళకు పైగా ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతికినాయన భరత్ భూషణ్. కానీ రాత్రిపూట టార్చి లైటు వేసి పిట్టను పట్టింది అడివిలో తిరిగే ఒక స్థానికుడు. అది రాత్రి తిరిగే పిట్ట, పగలంతా ముళ్ళపొదల్లో నక్కి ఉంటుంది, పగటిపూట బైనాక్యులర్ పట్టుకుని వెతికితే దొరికేది కాదు. కలివి పొదల్లో ఉంటుంది కాబట్టి కలివికోడి. ప్రపంచమంతా లేదనుకున్న పిట్టకు మన పల్లెల్లో ఒక పేరు బతికే ఉంది. తర్వాత దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా కొంత మార్చారు.

సరే, ఇక చట్టం సంగతి. ఇందులో నసుగుడేమీ లేదు, నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధిస్తుంది. 2022లో సవరణ చేశారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కౌజు, పూరేడు లాంటివి కూడా రక్షణ ఉన్న పిట్టలే. మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నెమలి, నక్షత్ర తాబేలు లాంటి మొదటి షెడ్యూల్ (చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న ప్రాణుల పట్టిక) ప్రాణులైనా, అభయారణ్యం లేదా జాతీయ పార్కు లోపల వేటైనా శిక్ష మూడేళ్ళ నుంచి మొదలై ఏడేళ్ళ దాకా పోతుంది. "నేను చంపలేదు సార్, కొనుక్కొని తిన్నాను అంతే" అన్నా వదలరు, అడవి జంతువు మాంసం దగ్గరుండటమూ తప్పే. హోటళ్ళలో కౌజు వేపుడు అమ్ముతున్నారు కదా అని చాలామంది నన్ను అడుగుతారు. అది ఫారాల్లో పెంచే జపాన్ జాతి పిట్ట. చేలల్లో తిరిగే మన కౌజుకూ దానికీ సంబంధం లేదు.

చిలకను పంజరంలో పెట్టినా ఇదే చట్టం. 2018లో మన రాష్ట్రం రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. చిలక జోస్యం వాళ్ళ దగ్గర రెక్కలు కత్తిరించి ఉండేదీ ఆ చిలకే. ఎవరికీ పట్టలేదు, పోనీండి.

కానీ ఆ చట్టంలో ‘వేట’ అన్న మాటకిచ్చిన అర్థం ఒకసారి చూడండి. చంపడం, పట్టడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరమడం, ఇవన్నీ వేటే. పక్షుల గుడ్లు పగలగొట్టినా, గుడ్లనూ గూళ్ళనూ కదిపినా వేటే. ఈ చివరి ముక్క మా కెమెరా జనానికి ఎవరూ చదివి వినిపించరు.

మీ చిన్నాయన కౌజును ఎట్లా పడతాడో మీకు తెలిసే ఉంటుంది. చిన్న బోనులో దీమం పిట్టను పెడతాడు. మగ కౌజు అది. పొద్దున్నే అది గొంతెత్తి కూస్తుంది. ఆ చుట్టుపక్కల పొలం నాదీ అనుకునే ఇంకో మగపిట్టకు ఒళ్ళు మండుతుంది, దీంతో కొట్లాడటానికి పరుగెత్తుకుంటూ వస్తుంది, బోను చుట్టూ ఉన్న ఉచ్చుల్లో కాలు పెడుతుంది. ఆకలితో వచ్చి చిక్కేది కాదది, రోషంతో వచ్చి చిక్కుతుంది. ఎర వేసి పట్టడం కంటే ఇది సులువు.

ఇప్పుడు మా వాళ్ళు చేసేది చెబుతాను. ఫోన్‌లో పిట్ట కూత రికార్డు ఉంటుంది, జేబులో బ్లూటూత్ స్పీకరు ఉంటుంది. పొద ముందు పెట్టి నొక్కుతారు. మగపిట్ట కొట్లాటకు వస్తుంది, ఎదురుగా కొమ్మ మీద కూర్చుంటుంది, ఫొటో టకటకమని పడిపోతుంది. మీ చిన్నాయన బోనుకూ ఈ స్పీకరుకూ తేడా ఏంటో మీరే ఆలోచించుకోండి.

ఇది ఎవరినో అనడం కాదు, నేనూ చేశాను. చాలా ఏళ్ళ కిందట మే నెలలో మేం ఐదుగురం మదనపల్లె పక్కన హార్స్‌లీ హిల్స్‌కు పోయాం. ఏనుగు మల్లమ్మ కొండ అన్నది దాని పాత పేరు, నాకు అదే ఇష్టం. అక్కడ పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. ఈ పిగిలి దక్షిణ భారతంలో రాతి గుట్టలూ పొదలూ ఉన్న కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, ముప్పు ఉన్న జాతుల జాబితాలో ఉంది. కూత వినిపించాం. వచ్చింది. ఇరవై నిమిషాల పాటు మా చుట్టూ బండ మీద నుంచి బండ మీదకు తిరిగింది. సంతోషంతో ఇంటికొచ్చి ఫొటో పెద్దది చేసి చూస్తే దాని ముక్కున ఆకుపచ్చ పురుగు ఉంది. అంటే గూట్లో పిల్లలున్నాయి, వాటికి తీసుకుపోతోంది. ఆ ఇరవై నిమిషాలూ పురుగు మింగలేదు, గూటికీ పోలేదు. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది, ఎవరికీ పంపలేదు. ఆ తర్వాత స్పీకరు ముట్టుకోలేదు.

పందుల విషయం వేరు. అక్కడ రైతు కష్టం నిజం. రాత్రికి రాత్రి పది పందులు పడితే వేరుశనగ చేనులో మిగిలేదేమీ ఉండదు, చెరుకైనా అంతే. కానీ నాటు బాంబు, కరెంటు తీగ ఈ రెండింటి జోలికి పోవద్దని మీ ఊళ్ళో గట్టిగా చెప్పండి. నాటు బాంబుకు పంది, ఆవు తేడా తెలియదు. మేతకు పోయిన ఆవు దవడ పగిలి నిలబడితే మా ఊళ్ళో నేను కళ్ళారా చూశాను, ఆ ఇంటివాళ్ళు దాన్ని చూడలేక తలుపేసుకున్నారు. కరెంటు తీగకు రాత్రి నీళ్ళు కట్టడానికి పోయిన పక్క చేను రైతే బలి కావొచ్చు. పలమనేరు, కుప్పం వైపైతే ఏనుగులు కూడా తిరుగుతాయి. రెండు వందల ఏళ్ళు ఇటు కనపడని ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మళ్ళీ వచ్చాయి, వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టారు.

చట్టంలో రైతుకు దారి లేకపోలేదు. పంట పాడుచేసే అడవిపంది లాంటి రెండో షెడ్యూల్ జంతువును తొలగించడానికి పదకొండో సెక్షన్ కింద అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఆ కాయితం లేకుండా ఎవరు చేసినా నేరమే. పంట నష్టానికి పరిహారం కూడా ఉంది. పంది పడిన రోజే, దున్నేయకముందే, అడుగు జాడలతో సహా ఫొటోలు తీసి రేంజి ఆఫీసులో అర్జీ ఇవ్వండి. ఆలస్యం చేస్తే ఏ జంతువు తిందో ఎవరూ తేల్చలేరు. గట్టు చుట్టూ పాత చీరలు కట్టే పద్ధతి కొన్నాళ్ళు పనిచేస్తుంది, తర్వాత పందులు అలవాటు పడిపోతాయి. మా వైపు రైతులు చీరల రంగు మార్చి మార్చి కడతారు. అది ఎంతవరకు నిజమో గానీ వాళ్ళకు నమ్మకం.

ఇక కెమెరా. కొనొద్దు, కనీసం ఒక ఏడాది. కెమెరా చేతిలో ఉంటే ఫొటోకు దొరికే పిట్టనే చూస్తాం, దొరకనిదాన్ని వదిలేస్తాం. అందులో సగం పాఠం పోతుంది. బైనాక్యులర్ ఒకటి కొనండి. దాని మీద 8x42 అని ఉండాలి. ఎనిమిది అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో అది, నలభై రెండు అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. అద్దం పెద్దదైతే చీకటి విడవని పొద్దున కూడా రంగులు తెలుస్తాయి. షాపువాడు "ఇరవై రెట్లుంది సార్" అని ఒకటి చూపిస్తాడు, దాన్ని చేతిలో పట్టుకుంటే పిట్ట కాదు కదా కొండ కూడా వణుకుతుంది. పది వేల లోపు మొదటిదానికి చాలు. తెల్ల చొక్కా, ఎర్ర టోపీ వద్దు. ఇంకో ఖర్చు అక్కర్లేదు.

ఎక్కడికి పోవాలన్నదానికి నా జవాబు మీకు నచ్చకపోవచ్చు: మీ ఊరి చెరువుకు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలవే. చెరువులు నిండేది అప్పుడే, ఉత్తరాన్నుంచి వలస బాతులు దిగేదీ అప్పుడే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి ఆదివారం అదే చెరువుకు, అదే గట్టు మీదికి, పొద్దు పొడిచే వేళకు పోండి. బుడబుంగ ఎంతసేపు మునిగి ఉంటుందో లెక్కపెట్టండి. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో సందు ఎందుకుందో అది నత్తను పట్టేటప్పుడు చూడండి. గట్టు మీది కరెంటు తీగ మీద పాలపిట్ట, పసుల పోలిగాడు, లకుముకి మూడూ ఉంటాయి, కానీ మూడూ మూడు రకాలుగా వేటాడతాయి. ఇరవై పిట్టలు ఇట్లా మనసుకు పట్టాక కొత్తది కనిపిస్తే అది కొత్తదని మీకే తెలుస్తుంది. అదే నేరుగా శేషాచలం పోతే ఆకుల్లో కదిలే నీడలు తప్ప ఏమీ కనిపించదు, నిరాశపడి మానేస్తారు. నేను చూసిన పదిమందిలో ఏడుగురు అట్లాగే మానేశారు.

తిరుపతిలో ఉండే రోజుల్లో పేరూరు చెరువు వైపు పోవచ్చు, యూనివర్సిటీ వైపు చెట్లున్న రోడ్ల వెంట నడవొచ్చు. అక్టోబరు, నవంబరుల్లో వలస దారిలో పొన్నంకి పిట్ట ఇళ్ళ తోటల్లో కూడా దిగుతుంది. ఆకులు గీరుకుంటూ నేల మీద తిరుగుతుంది, రంగులు చూస్తే కళ్ళు చెదురుతాయి. కొండ పాదాల దగ్గర మాత్రం చీకటి పడ్డాక ఒంటరిగా తిరగొద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ళ పాపను ఎత్తుకుపోయి చంపిన సంగతి మరిచిపోలేం. దారి పక్కన జనం పారేసే తిండికి కుక్కలు, పందులు, దుప్పులు చేరతాయి, వాటి వెనకే చిరుత వస్తుంది. జింకకు అరటిపండు పెట్టే భక్తులకు ఈ ముక్క చెప్పి చూశాను, కోప్పడ్డారు.

చెరువులు అయ్యాక తలకోన. అది శ్రీవెంకటేశ్వర జాతీయ పార్కులో ఉంది. పార్కు 1989లో ఏర్పడింది, 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలం కొండలన్నీ కలిపి రాష్ట్రంలోనే మొదటి బయోస్ఫియర్ రిజర్వు, అంటే అడవినీ ప్రాణులనూ కలిపి కాపాడే ప్రాంతం, అయింది. టికెట్ తీసుకుని జలపాతం దారిలో పోవడానికి ఎవరూ అడ్డుచెప్పరు. దారి దిగి లోపలికి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఇది లాంఛనం అనుకోకండి. ఈ కొండలు ఎర్రచందనం కొండలు. తెల్లవారుజామున వీపున సంచితో పొదల్లోంచి బయటికొచ్చే మనిషిని గస్తీ వాళ్ళు ఏమనుకుంటారు? నన్ను ఒకసారి మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. సంచిలో పక్షుల పుస్తకం, రెండు ఇడ్లీలు చూసి నవ్వుకున్నారు గానీ తప్పు నాదే, చీటీ లేకుండా పోయాను. అక్కడ రాళ్ళ సందుల్లో బంగారు బల్లి ఉంటుంది, పిట్టలు దొరకని రోజు దాన్ని వెతకండి. చూడటానికే, పట్టడానికి కాదు.

జనవరిలో ఒక రోజు నేలపట్టుకు పోండి, తప్పకుండా. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలోకి వచ్చింది కాబట్టి అది మనదే ఇప్పుడు. నాయుడుపేట మీదుగా రెండు గంటల దారి. నీళ్ళలో నిలబడిన చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి ఉంటాయి, పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేపలు తింటుంటాయి. అక్కణ్ణుంచి సూళ్ళూరుపేటకొచ్చి శ్రీహరికోట రోడ్డు ఎక్కితే రెండు పక్కలా పులికాట్ సరస్సే. రాజహంసలు తల తలకిందులుగా నీళ్ళలో పెట్టి, ముక్కుతో నీటిని వడగట్టి చిన్న చిన్న రొయ్యల్లాంటివి తింటాయి. బండి దిగి వాటి వైపు నడవొద్దు. గుంపు లేస్తే ఫొటో బాగుంటుంది, కానీ ఎంతో దూరం నుంచి ఎగిరొచ్చిన పిట్టలను తిండి దగ్గర్నుంచి లేపినట్టే.

చూసినవి రాసుకోండి. ఈబర్డ్ యాప్‌లో ఎక్కిస్తే మీ లెక్క పరిశోధన చేసేవాళ్ళకు పనికొస్తుంది. కూత విని పేరు చెప్పే మెర్లిన్ అనే యాప్ కూడా ఉంది, అది చెప్పిందని నమ్మేయకుండా కళ్ళతో చూశాకే రాయండి. గూడు కనిపిస్తే దాని చోటు ఎవరికీ పంపొద్దు, వాట్సాప్ గ్రూపులో అసలొద్దు. ఇంగ్లీషు పేరు పక్కన తెలుగు పేరు కూడా రాయండి. దాన్ని మీ జేజిని, పశువుల కాపరిని అడిగి రాయండి. ఒకే పిట్టకు పలమనేరులో ఒక పేరు, శ్రీకాళహస్తిలో ఇంకో పేరు ఉంటుంది, రెండూ రాసుకోండి. తమిళం ఎక్కువ కలిసే పల్లెల్లో కౌజును కౌదారి అంటారు.

మళ్ళీ మీ చిన్నాయన దగ్గరకు. పోలీసు, జైలు అని మొదలుపెడితే ఆయన ఉచ్చులు మానడు, మీకు చెప్పడం మానేస్తాడు. ఒడిశాలో చిల్కా సరస్సు పక్కన మంగళజోడి అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ బాతులను పట్టి అమ్ముకున్నవాళ్ళలో కొందరు ఇప్పుడు పడవల్లో జనాన్ని తిప్పి అవే బాతులను చూపించి బతుకుతున్నారు. మన పాకాలకు అంత జనం రారు, ఆ సంపాదన మీ చిన్నాయనకు వస్తుందని నేను చెప్పను. కానీ ఆయనకు తెలిసింది ఎవరైనా అడిగితే బాగుండునన్న ఆశ ఆయనకూ ఉంటుంది. నా పెద్దాయన ఉచ్చులు మానింది నా ఉపన్యాసాలకు కాదు. మూడో ఏడు మా బడి పిల్లలను వెంటేసుకుని ఏటి ఒడ్డుకు పోతున్నాం, పిల్లలు ఆయన్ను ‘సార్’ అన్నారు. ఆ చలికాలం ఆయన దీమం బోను అటకెక్కింది.

ఈసారి ఊరికి పోయినప్పుడు బైనాక్యులర్ ఆయన మెళ్ళో వేయండి. కౌజులు రాత్రిపూట ఎక్కడ పడుకుంటాయని అడగండి. నేల మీద తిరిగే పిట్ట కదా, నేల మీదే పడుకుంటుందని మనం అనుకుంటాం. ఆయన ఏ తుమ్మచెట్టో చూపిస్తాడు. సాయంత్రం ఐదున్నరకల్లా దానికి యాభై అడుగుల దూరంలో ఇద్దరూ కదలకుండా కూర్చోండి. గుంపు గుంపంతా ఒక్కొక్కటిగా ముళ్ళ కొమ్మల మీదికి ఎక్కుతుంది. లెక్కపెట్టి నాకు రాయండి. దీమం పిట్ట ఇంకా బోనులో ఉంటే మాత్రం మొదటి రోజే ఆ మాట ఎత్తకండి.